వెళ్లిన వెండి వెంట

1664లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. అప్పటికి రాసినాయన చనిపోయి 23 ఏళ్లు. ఆయన కొడుకు జాన్ తండ్రి కాగితాల్లోంచి రాతప్రతిని బయటికి తీసి, ఖజానా పెద్ద సౌతాంప్టన్ ప్రభువుకు అంకితమిచ్చి అచ్చు వేయించాడు. పుస్తకం పేరు ‘ఇంగ్లండ్స్ ట్రెజర్ బై ఫారిన్ ట్రేడ్’. విదేశీ వర్తకం వల్ల ఇంగ్లండుకు సమకూరే ధనం అని చెప్పుకోవచ్చు. రాసినాయన థామస్ మన్, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లలో ఒకడు.

వాణిజ్యవాదం అనే మాట మన పాఠ్యపుస్తకాల్లో మూడు వాక్యాల్లో అయిపోతుంది. బంగారం, వెండి ఉన్న దేశమే ధనిక దేశం. అమ్మేది ఎక్కువ, కొనేది తక్కువ ఉండాలి. సర్కారు సుంకాలు వేసి కాపలా కాయాలి. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. నేనూ అలాగే చదువుకున్నాను. లోభి పెట్టె మీద కూర్చున్నట్టు రాజులు వెండి మీద కూర్చున్న కాలం అనుకున్నాను. తర్వాత చాలా ఏళ్లకు మన్ పుస్తకం చేతికొచ్చింది. అందులో వెండి మీద కూర్చున్నవాడు ఎక్కడా కనపడలేదు. రేవు దాటి పోతున్న వెండి వెంట కళ్లు ఆర్పకుండా పోయి, అది ఏ ఊళ్లో ఏ సరుకుగా మారిందో చూసి, ఆ సరుకు ఎన్ని చేతులు మారిందో లెక్క రాసుకుని, చివరికి అది వెండిగానే ఇల్లు చేరేదాకా వెనక్కి తిరగని వర్తకుడు కనపడ్డాడు. ఆ లెక్క రాసిన తీరు గురించే ఈ వ్యాసం. అందులోని తప్పులు నాకు తెలుసు, వాటి దగ్గరికీ వస్తాను. కానీ ముందు ఆ పనితనాన్ని నిదానంగా చూడాలి.

మన్ 1571లో పుట్టాడు. తాత రాజుగారి టంకశాలలో నాణేలు కొట్టేవాళ్లకు పెద్ద. తండ్రి పట్టుబట్టల వర్తకుడు. అంటే ఒక తరం నాణెం చేసింది, ఇంకో తరం దాన్ని తిప్పింది. మన్ వయసులో ఉండగా ఇటలీ వెళ్లి పీసా, లివోర్నోల్లో, తూర్పు మధ్యధరా రేవులతో వ్యాపారం చేశాడు. 1615లో కంపెనీ డైరెక్టరయ్యాడు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

ఆయన కలం పట్టడానికి కారణం ఒక నింద. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాలో కంపెనీకి ఒక ప్రత్యేక సదుపాయం ఉంది: ఓడలతో పాటు 30,000 పౌండ్ల దాకా వెండి దేశం దాటించుకోవచ్చు. మామూలు మనిషి చేస్తే అది నేరం. తూర్పు దేశాల్లో ఇంగ్లండు ఉన్ని బట్ట కొనేవాళ్లు పెద్దగా లేరు కాబట్టి కంపెనీకి వెండి తప్ప గతి లేదు. పరిస్థితి బాగున్నన్నాళ్లు ఎవరూ అడగలేదు. 1620 నుంచి బాగాలేకుండా పోయింది. 1614లో రంగు వేయని బట్టల ఎగుమతిని ఆపి, రంగు వేసినవే అమ్ముదామని పెట్టిన కొకేన్ పథకం మూడేళ్లలో కుప్పకూలి, ఉన్ని బట్టల బేరాన్ని దెబ్బతీసి పోయింది. పైగా యుద్ధంలో దిగిన జర్మన్ రాజ్యాలు నాణేల్లో కల్తీ కలపడంతో అక్కడ ఇంగ్లండు బట్ట మరీ ప్రియమైంది. మగ్గాలు ఆగాయి. చేతుల్లో నాణెం ఆడలేదు. అప్పుడు జనం కళ్లు రేవు మీద పడ్డాయి. వెండి పెట్టెలు ఓడ ఎక్కుతున్నాయి, మిరియాల బస్తాలు దిగుతున్నాయి. మిరియాలు తిని అరిగిపోతాయి, వెండి మాత్రం పోయింది పోయినట్టే.

కంటికి ఎదురుగా కనపడేదాన్ని కాదనడం చాలా కష్టమైన వాదన. 1621లో మన్ రాసిన మొదటి పుస్తకంలోనే ఆ పని చేసే తీరు తెలుస్తుంది. అందులో ఆయన నీతి చెప్పలేదు, ధరల పట్టీ వేశాడు. యూరపు ఏడాదికి వాడే 60,00,000 పౌన్ల బరువు మిరియాలు అలెప్పో బజారులో కొంటే పౌను 2 షిల్లింగులు, మొత్తం 6,00,000 పౌండ్లు. అవే తూర్పు దీవుల్లో కొంటే పౌను రెండున్నర పెన్నీలు, మొత్తం 62,500 పౌండ్లు. లవంగాలు, జాజికాయ, జాపత్రి, నీలిమందు, ముడిపట్టు అన్నీ అదే వరసలో వచ్చాయి. యూరపు మిరియాలు మానదు. ఎవరో ఒకరికి వెండి ఇచ్చే తీరాలి. ఎక్కువ ఇద్దామా, తక్కువ ఇద్దామా అన్నదే ప్రశ్న. నింద వేసినవాడి చేతికి పెన్సిలిచ్చి, నువ్వే కూడుకో అన్నట్టుంది.

1664లో అచ్చయిన పుస్తకం ఇంతకన్నా పక్వమైనది. రాతలో ఎక్కువ భాగం 1620ల నాటిదే. 1628లో కంపెనీ తరఫున పార్లమెంటుకు తానే రాసిన విన్నపంలోంచి కొన్ని భాగాలు యథాతథంగా ఇందులోకి వచ్చాయి. కొడుక్కి చెబుతున్నట్టుగా రాశాడు. మొదటి అధ్యాయంలో సిద్ధాంతం లేదు. విదేశాలతో వర్తకం చేసేవాడికి ఏమేం తెలియాలో ఉంది. చక్కటి చేతిరాత, గణితం, చిట్టా ఆవర్జాలు రాయడం. పరదేశాల తూకాలు, కొలతలు, నాణేలు. ఎక్కడ ఏ సరుక్కి ఎంత సుంకం, ఏది నిషేధం. హుండీ మారకం రేట్లు. ఓడ కిరాయి, బీమా. ఓడ కట్టే కలప, తాళ్లు, తెరచాపల మంచిచెడ్డలు, నావికుల జీతాలు. సరుకుల నాణ్యత. నౌకాయానం. పలు భాషలు. ఆయా రాజుల చట్టాలు, బలాబలాలు. ఇలా 12 లక్షణాలు. పలక బలపం దగ్గర మొదలైన చదువు ఓడతాడు మీదుగా రాజసభ దాకా ఎలా నడుస్తుందో గమనించండి. చెయ్యి నేర్చుకున్నాకే కన్ను, కన్ను నేర్చుకున్నాకే బుద్ధి. ఈ పట్టీని నేను చాలాసార్లు చదివాను. ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. తాడు పేనిన తీరు చూసి దాని బలం చెప్పగలవాడు దేశం గురించి ఒక మాట చెబితే ఆగి వినాలనిపిస్తుంది. ఆయన తన వాదన కన్నా ముందు తన చేతులు చూపించాడు.

రెండో అధ్యాయం చాలా చిన్నది. వాణిజ్యవాదం మొత్తం నిలబడిన సూత్రం అక్కడుంది: ఏటా పరాయివాళ్ల దగ్గర మనం వాడుకునే సరుకు విలువ కన్నా మనం వాళ్లకు అమ్మే సరుకు విలువ ఎక్కువ ఉండాలి. వెంటనే అంకెలు. దేశం అవసరాలు తీరాక మిగిలిన బట్ట, సీసం, తగరం, ఇనుము, చేప వగైరాలు 22,00,000 పౌండ్లకు అమ్మి, 20,00,000 పౌండ్ల పరదేశపు సరుకు తెచ్చుకున్నామనుకో. మిగతా 2,00,000 డబ్బు రూపంలో రాక తప్పదు. దీనికి పోలికగా ఒక ఇంటి లెక్క చెబుతాడు. ఏడాదికి 1,000 పౌండ్ల రాబడి, పెట్టెలో 2,000 పౌండ్ల నిల్వ ఉన్న మనిషి. ఏటా 1,500 ఖర్చు పెడితే నాలుగేళ్లలో పెట్టె ఖాళీ. 500తో సరిపెట్టుకుంటే అదే నాలుగేళ్లలో పెట్టె రెట్టింపు.

ఈ అంకెలు ఎంచుకున్న నేర్పు చూడండి. రాబడి అంతే, నిల్వ అంతే, గడువు అంతే. ఖర్చు అటు 500 జరిగితే దివాళా, ఇటు 500 జరిగితే ఐశ్వర్యం. నడుమ దేశం, త్రాసు ముల్లులాగా. వాణిజ్య శేషం అనే ఊహ ఈ దృశ్యం నుంచే జనం మనసులో పాతుకుపోయింది. ‘బ్యాలెన్స్ ఆఫ్ ట్రేడ్’ అనే మాటను 1623లో తన పుస్తకంలో వాడినవాడు ఎడ్వర్డ్ మిస్సెల్డెన్ అనే మరో వర్తకుడు. మాట ఆయన ఇచ్చాడు, ఆ మాటకు ఇంటి గడప లోపల పెట్టె రూపం ఇచ్చింది మన్.

ఇక్కడిదాకా చదివిన ఎవరికైనా తర్వాతి మాట తెలిసిపోయినట్టే ఉంటుంది: కాబట్టి వెండి బయటికి పోనివ్వకు. సరిగ్గా అక్కడే ఆయన మలుపు తిప్పుతాడు. నాలుగో అధ్యాయం శీర్షికే సవాలు. సరుకు కోసం మన డబ్బు బయటికి పంపడమే మన ధనం పెరిగే మార్గం అంటుందది. రెండో అధ్యాయం ఇచ్చిన నమ్మకం మీద నిలబడితే తప్ప ఈ మాట చెల్లదు. అందుకే దాని ముందు దీన్ని పెట్టలేదు. మధ్యలో ఉన్న మూడో అధ్యాయం పన్నెండు చిన్న ఉపాయాలతో పాఠకుడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తుంది: బీడు భూముల్లో జనుము, అవిసె పండించండి, మన ఓడల్లోనే సరుకు పంపండి, మన సముద్రంలో హెర్రింగ్ చేపను డచ్చివాళ్లకు వదిలేయకండి, ఇలాంటివి.

నాలుగో అధ్యాయంలో ఒక లక్ష పౌండ్ల వెండి రెండు ప్రయాణాలు చేస్తుంది. మొదట బాల్టిక్ వైపు. లక్ష పెట్టి లక్ష క్వార్టర్ల (అప్పటి ధాన్యపు కొలత) గోధుమ కొని ఇంగ్లండుకు తెచ్చి, గాదెలో పోసి, అదను చూసి స్పెయిన్‌కో ఇటలీకో అమ్మితే 2,00,000 రాకపోతే వర్తకుడికి గిట్టదు. అంటే వెండి రెట్టింపై వస్తుంది. తర్వాత తూర్పు దేశాలకు. అదే లక్షతో మిరియాలు కొని, ఇంగ్లండు మీదుగా ఇటలీకో తుర్కీకో పంపితే 7,00,000కు తక్కువ కాదు. ఆ ఆరు లక్షలు వర్తకుడు మింగేశాడనుకోకు అని వెంటనే ఆపుతాడు. అందులో ఓడ కిరాయి ఉంది, నావికుల జీతాలు, తిండి, బీమా, వడ్డీ, సుంకాలు ఉన్నాయి. అదంతా రాజుకు, రాజు ప్రజలకు దక్కిందే. దూరం ఎంత పెరిగితే దారిలో అన్ని పొయ్యిలు వెలుగుతాయి. జనం చూసిన మిరియాల బస్తానే ఆయనా చూశాడు. కాకపోతే ఆ బస్తా లోపల వడ్రంగి కూలి, తాళ్లు పేనేవాడి కూలి, సరంగు జీతం కూడా ఉన్నాయని విప్పి చూపించాడు.

సాక్ష్యం కూడా తన జీవితం నుంచే తెస్తాడు. టస్కనీ ఏలిన ఫెర్డినాండ్ ప్రభువు ఒకసారి తనకు 40,000 క్రౌన్లు ఏడాది పాటు వడ్డీ లేకుండా ఇచ్చాడని రాశాడు. ఆ డబ్బు సరుకు కోసం తుర్కీ పోతుందని ప్రభువుకు తెలుసు, పోయిన డబ్బు సరుకై తన రేవుకే వస్తుందనీ తెలుసు. ఒకప్పుడు చిన్న పేద ఊరైన లివోర్నో మన్ కళ్ల ముందే మంచి పట్నమైంది.

అధ్యాయం చివరన ఒక రైతు వస్తాడు. విత్తే వేళ మాత్రమే చూసినవాడికి రైతు పిచ్చివాడిలా కనపడతాడు, బంగారంలాంటి గింజల్ని మట్టిపాలు చేస్తున్నాడని. కోత వేళ కూడా ఉండి చూస్తేనే ఆ పనికి అర్థం తెలుస్తుందని ఆయన భావం. ఏరువాక సాగిన ఏ ఊరివాడికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకలి రోజుల్లో కూడా విత్తనపు గింజ జోలికి పోని ఇళ్లు మనకు తెలుసు. నాకు నచ్చింది పోలిక కన్నా ఎక్కువగా దాని చోటు. మొదట్లో పెడితే అది అలంకారం అయ్యేది. గోధుమ, మిరియాలు, లివోర్నో అన్నీ లెక్క తేలాక చివర వచ్చింది కాబట్టి కళ్లంలో తూర్పారబట్టిన రాశిలా కనపడుతుంది. వంద ఏళ్ల తర్వాత ఈ సిద్ధాంతాన్ని కూల్చడానికి కూర్చున్న ఆడమ్ స్మిత్ కూడా ఈ రైతును తన పుస్తకంలోకి తీసుకున్నాడు.

పనితనం ఇంకా సన్నగా కనపడేది ఏడో అధ్యాయంలో. విదేశీ వర్తకంలో లాభం మూడు రకాలంటాడు: దేశం లాభం, వర్తకుడి లాభం, రాజు లాభం. వర్తకుడు నష్టపోయినా దేశం బాగుపడొచ్చు. వర్తకుడు బాగుపడి దేశం చెడొచ్చు. ఇద్దరూ మునిగినా సుంకం మాత్రం రాజుకు అందుతుంది. కంపెనీ డైరెక్టరు రాసిన మాట ఇది. తన లాభమే దేశ లాభమని బుకాయించే అవకాశం ఉండి కూడా, రెండింటికీ వేర్వేరు పద్దులు తెరిచాడు. ఈ విడదీయడం అప్పట్లో అందరికీ చేతనైన పని కాదు. జెరార్డ్ డి మాలిన్స్ లాంటి గట్టి పండితుడు కూడా దేశపు వెండి కరిగిపోవడానికి హుండీ వ్యాపారుల మాయే కారణమని 1622లో వాదించాడు. మన్ ఆ వాదాన్ని ఎదుర్కొన్న పద్ధతి చదవడానికి హాయిగా ఉంటుంది. మాలిన్స్ చెప్పిన మారకం మహిమల్ని ఒక్కొక్కటే తీసుకుని, అది నిజంగా ఎలా జరుగుతుందో ఇంత మామూలుగా విప్పుతాడంటే, గారడీవాడి చేతిలోంచి గోళీ మన చేతికొచ్చినట్టుంటుంది. మారకం నీటి మీద గాలి. నీళ్లు ఎటు పోవాలో వాలు చెబుతుంది. ఆ వాలు సరుకుల లెక్క.

స్పెయిన్ గురించి కూడా ఇదే చూపు. దక్షిణ అమెరికాలోని పొటోసీ గనుల వెండి అంతా దిగేది అక్కడ. బయటికి పోకూడదని అక్కడ కఠినమైన చట్టాలు. అయినా వెండి నిలవలేదు, ఎందుకంటే యుద్ధాలకూ తిండికీ బట్టకూ వాళ్లు బయటివాళ్లకు చెల్లించాలి, చెల్లించడానికి సొంత సరుకు తక్కువ. చట్టం గట్టు వేయగలదు గానీ వాలును మార్చలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇనుము గురించిన చిన్న పేరా. గనిలో ఉన్న ముడి ఇనుముకు విలువ ఎంతని? తవ్వాలి, కరిగించాలి, మోయాలి, కొనాలి, అమ్మాలి, ఫిరంగిగా పోత పోయాలి, తుపాకీగా మలచాలి, లంగరుగా, మేకుగా, నాగలి కర్రుగా సాగగొట్టాలి. గొర్రె బొచ్చుకూ బట్టకూ మధ్య కత్తిరించడం, కడగడం, ఏకడం, వడకడం, నేయడం, రంగు వేయడం ఉన్నాయి. క్రియ మీద క్రియ పేర్చి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా రాశాడు. ఆ వాక్యం తానే ఒక కార్ఖానాలా నడుస్తుంది. దేశపు ప్రకృతి సంపద కన్నా దేశం చేసే పని విలువైందని అంతకన్నా ముందు ఇంత ఒంటికి పట్టేట్టు చెప్పినవాళ్లు నాకు తెలియదు. లోహమే ధనం అనుకున్న కాలమని మనం పేరు పెట్టిన కాలంలో, లోహం ముడిగా ఉంటే గవ్వ చేయదని రాసిన మనిషి ఇతను.

ఆ పేరా చదివినప్పుడల్లా నా కళ్ల ముందు మచిలీపట్నం కదులుతుంది. ఊరికే కాదు. కంపెనీ పంపిన ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో పెద్దపల్లి రేవుకూ, అంటే ఇప్పటి నిజాంపట్నానికీ, మచిలీపట్నానికీ వచ్చి అక్కడ కోఠీలకు పునాది వేసింది. డచ్చివాళ్లు అంతకు ఐదారేళ్ల ముందే వచ్చారు. ఇద్దరూ ఇక్కడికి వచ్చింది మిరియాల కోసమే. జావాలో బాంటమ్ రేవులో మిరియాలు అమ్మేవాళ్లు వెండికన్నా కోరమాండల్ బట్టను మక్కువగా తీసుకునేవాళ్లు. కాబట్టి మన్ రాసిన ‘లక్ష’లో కొంత ముందు గోల్కొండ నేల మీద ఆగి, అద్దకపు బట్టగా మారి, ఆ బట్ట మిరియమై, ఆ మిరియం లండన్ మీదుగా లివోర్నోలో మళ్లీ వెండి అయింది. పుస్తకంలో ఒక్క గీతగా కనిపించే దారిలో ఒక మజిలీ మనది. ఆ మజిలీలో ఎన్ని క్రియలు! నేసిన గుడ్డను ఉతికి గంజి వదిలించి, కరక్కాయ కషాయం, గేదెపాలలో ముంచి, ఎండేసి, కలంతో నల్ల గీత గీసి, పటిక పెట్టి, చిరివేరుతో ఎర్రరంగు పట్టేదాకా ఉడకబెట్టి, పారే నీళ్లలో మళ్లీ ఉతికి... ఇనుము గురించి మన్ రాసిన వాక్యానికి ఇది ఏమీ తీసిపోదు. ఆయన ఈ రేవు చూడలేదు. చూసి ఉంటే ఆ పేరా ఇంకాస్త పొడుగయ్యేది.

రాజు గురించి రాసిన పద్దెనిమిదో అధ్యాయంలో ధైర్యం ఉంది. రాజు ఏటా ఎంత దాచుకోవచ్చు? వర్తకంలో దేశానికి ఎంత మిగిలిందో అంతవరకే. అది మించితే గొర్రె బొచ్చు తీయడం పోయి తోలు వలవడం అవుతుందనే అర్థంలో హెచ్చరించాడు. దాచిందీ కదలాలి: ఓడలు కట్టాలి, గాదెలు నింపాలి, సైన్యాన్ని పోషించాలి. రాజును ఒంట్లో పొట్టతో పోల్చాడు. పంచిపెట్టని పొట్ట ముందు అవయవాల్ని, తర్వాత తనను చెడగొట్టుకుంటుంది.

ఇప్పుడు అతుకు ఊడే చోటు. నాలుగో అధ్యాయంలోనే మన్ ఒక మాట రాశాడు: దేశంలో డబ్బు ఎక్కువైతే మన సరుకు ధర పెరుగుతుంది, ధర పెరిగితే బయట బేరం తగ్గుతుంది. అందుకే వచ్చిన డబ్బును మళ్లీ బయటికి పంపాలి అని తన వాదానికి దాన్ని వాడుకున్నాడు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే, మిగులు తనంతట తానే కరిగిపోతుంది కాబట్టి ఏటేటా మిగుల్చుకుంటూ పోవడం సాధ్యం కాదని ఆయనకే తట్టేది. ఆ అడుగు 1752లో డేవిడ్ హ్యూమ్ వేశాడు. ఇంటి పెట్టె పోలిక ఎంత అందమైనదో అంత మోసం కూడా అక్కడే ఉంది. ఇంటాయన ఎంత దాచినా బజారు ధర మారదు, దేశం దాస్తే మారుతుంది. 1776లో స్మిత్ తన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ నాలుగో భాగంలో ఈ ఆలోచనా ధోరణి మొత్తానికి ‘మర్కంటైల్ సిస్టమ్’ అని పేరు వాడి, మన్ పుస్తకం పేరే వర్తక దేశాలన్నిటికీ మూలసూత్రమైపోయిందని బాధపడ్డాడు. ఆ పేరు అంతకు పదమూడేళ్ల ముందే ఫ్రాన్సులో మిరాబో పుస్తకంలో కనపడింది. మన్‌కు గానీ, ఫ్రాన్సులో సుంకాల కోట కట్టిన కోల్బేర్‌కు గానీ తాము ఫలానా వాదులమని తెలియదు. పేరు ఎప్పుడూ ఓడించినవాళ్లే పెడతారు. 1936లో కీన్స్ తన పెద్ద పుస్తకంలో ఒక అధ్యాయం వీళ్లకు కేటాయించి, పని దొరకని చేతుల గురించి వీళ్లకున్న ఆరాటం బుద్ధిహీనం కాదని రాశాడు. 1620లో ఆగిన మగ్గాల మధ్య నిలబడి ఈ పుస్తకం చదివితే ఆ మాట ఒప్పుకోవాలనిపిస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టే లోపం వేరు. ఆయన పద్దుల్లో అమ్మిన దేశం ఒక పేరు, అంతే. ఇంగ్లండు మిగిల్చుకున్న ప్రతి 2,00,000 ఇంకెవరికో తరుగు. ఆ ఇంకెవరి చిట్టా ఆయన తెరవలేదు. తర్వాతివాళ్లు ఆయన సూత్రాన్ని మరింత నిర్దయగా వాడారు. మన అద్దకపు బట్టలు లండన్‌లో ఆడామగా అందరి ఒంటి మీదికీ ఎక్కాక, 1700 నాటి చట్టం వాటిని ఇంగ్లండులో వాడకానికి దించడం నిషేధించింది, గోదాములో పెట్టి పరదేశాలకు తిరిగి అమ్ముకోవడానికి మాత్రం వదిలింది. మన్ మిరియాలకు చెప్పిన దారే అది. 1721లో అద్దకపు నూలుబట్ట చాలావరకు కట్టుకోవడమే నేరమైంది. అయినా అప్పటికింకా వెండి మనవైపు వస్తూనే ఉంది.

1765లో అది తిరగబడింది. బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, చేతికి రావడంతో కంపెనీకి అక్కడ సరుకు కొనడానికి ఇంగ్లండు వెండి అక్కర లేకపోయింది. రైతు కట్టిన శిస్తుతోనే నేతగాడి బట్ట కొని ఓడకెక్కించింది. మరుసటి ఏడాదే నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులకూ హక్కుదారైంది. మన్ లెక్క ప్రకారం అప్పటి మన దేశం వెండితో నిండిపోవాలి: పోయే సరుకు ఎక్కువ, వచ్చే సరుకు తక్కువ.

ఎందుకు నిండలేదో లెక్కగట్టినవాడు కూడా వర్తకుడే. దాదాభాయి నౌరోజీ లండన్‌లో పత్తి వ్యాపారం చేసినవాడు, చిట్టా రాయడం తెలిసినవాడు. మన్ తన పుస్తకం చివర్లో వాణిజ్య శేషం ఎలా తీయాలో ఒక పద్ధతి చెప్పాడు. సుంకపు కచేరీలో రాసిన ఎగుమతి విలువ నిజమైన విలువ కాదు. దానికి ఓడ కిరాయి, బీమా, వర్తకుడి లాభం కింద నూటికి 25 కలపాలి, అప్పుడే దేశానికి తిరిగి ఎంత రావాలో తేలుతుంది. రెండున్నర శతాబ్దాల తర్వాత నౌరోజీ అదే చేశాడు. మన రేవుల్లో రాసిన ఎగుమతి విలువ తీసుకున్నాడు, దాని మీద వర్తకానికి రావలసిన లాభం కలిపాడు, ఇంత రావాలి అని ఒక గీత గీశాడు. దాని కింద నిజంగా వచ్చిన దిగుమతుల విలువ రాశాడు. రెంటికీ మధ్య తేడాను ఏళ్ల తరబడి కూడుకుంటూ పోయాడు. 1901లో వచ్చిన ‘పావర్టీ అండ్ అన్‌బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా’లో పేజీల కొద్దీ ఈ లెక్కలే.

రెండు పుస్తకాలూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. మన్ పేజీలో వెళ్లిన ప్రతి పద్దుకు ఎదురుగా వచ్చిన పద్దు ఉంది. నౌరోజీ పేజీలో అదే వరస, అదే కూడిక, వర్తకుడి చేతి అదే జాగ్రత్త. కోతకొచ్చిన పంట ఓడ ఎక్కింది. ఎదురుగా రావలసిన చోట ఆయన రాసుకున్న మాట ఒకటే: రాలేదు.